పాత కారు బ్రీతర్ నుంచి పొగ వస్తోందా? ఇంజన్ విప్పే ముందు చూడాల్సినవి

జంషెడ్‌పూర్‌లో మార్చి 3 అంటే ఊరంతా దీపాలే. ఉక్కు కర్మాగారానికి ఆద్యుడైన జంషెడ్‌జీ టాటా జయంతి అది. ఇటీవలి సంవత్సరాల్లో ఆ వేడుకల కాలంలో పాత కార్ల ర్యాలీలూ జరుగుతున్నాయి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, స్టాండర్డ్ హెరాల్డ్, విల్లీస్ జీపు లాంటి బండ్లు షెడ్ల నుంచి బయటికొచ్చే రోజులవి. ఈ ఊళ్లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ తాతలు కొన్న బండిని అమ్మలేక దాచుకున్నవాళ్లు కనిపిస్తారు.

నెలల తరబడి కదలని బండికి కవరు తీసి స్టార్ట్ చేసినప్పుడు చాలామందిని కంగారు పెట్టే దృశ్యం ఒకటుంది. సైలెన్సర్ శుభ్రంగానే ఉంటుంది. బానెట్ ఎత్తితే మాత్రం ఇంజన్ పక్కనున్న బ్రీతర్ గొట్టం నుంచి పొగ బుసబుసమని వస్తుంటుంది. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడి నుంచీ అదే పొగ. మెకానిక్ నోట మొదట వచ్చే మాట 'బ్యాక్ కంప్రెషన్'. రెండోది 'బోరు పని'.

ఆ తీర్పు కొన్నిసార్లు సరైనదే. కానీ అదే పొగకు మరో అరడజను కారణాలున్నాయి. వాటిలో కొన్ని వందల రూపాయల్లో తేలిపోయేవి. బోరు పని అలా కాదు, ఒకసారి కోసేసిన ఇనుము మళ్లీ రాదు. అందుకే ఇంజన్ విప్పకుండా, తక్కువ ఖర్చు పరీక్షల నుంచి మొదలుపెట్టి వరుసగా చూసుకుంటూ పోవడం మంచిది.

ఆ పొగ ఎక్కడ పుడుతుంది?

పిస్టన్ పైన ఇంధనం మండినప్పుడు, ఇంజన్ పూర్తి బరువు లాగుతున్న వేళ, అక్కడి పీడనం వాతావరణ పీడనానికి 30 రెట్లు దాటుతుంది. ఆ వాయువును పైనే ఆపాల్సినవి పిస్టన్ రింగులు. రింగు పూర్తి వలయం కాదు. వేడికి వ్యాకోచించడానికి వీలుగా దాని రెండు కొసల మధ్య సన్నని సందు వదులుతారు. బోరు వ్యాసంలో ప్రతి అంగుళానికి 0.003 నుంచి 0.004 అంగుళం సందు అన్నది పాత లెక్క. 73 మిల్లీమీటర్ల బోరున్న అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్‌కు అది 0.22 నుంచి 0.3 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆ సందులోంచి, రింగు గాడిలోంచి కొంత వాయువు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది. కొత్త ఇంజన్‌లోనూ ఇది ఉంటుంది. మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది ఇలా జారే వాయువు మితిమీరినప్పుడు.

బోరు అరిగేకొద్దీ ఈ సందు ఎంత వేగంగా పెరుగుతుందో చాలామంది గమనించరు. వ్యాసం పెరిగితే చుట్టుకొలత దానికి 3.14 రెట్లు పెరుగుతుంది కదా. బోరు వ్యాసంలో 0.1 మిల్లీమీటరు అరిగితే రింగు సందు 0.31 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. అంటే 0.25 ఉన్నది 0.56 అవుతుంది. కంటికి కనపడని అరుగుదలతోనే వాయువు పోయే దారి రెట్టింపు దాటుతుంది.

కిందికి దిగిన వాయువులో మండని పెట్రోలు, నీటి ఆవిరి, మసి ఉంటాయి. క్రాంక్‌కేస్‌లో తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను తుంపరలుగా చిమ్ముతుంటుంది. వేడి వాయువు ఆ తుంపరలను మోసుకుని బయటికి వస్తుంది. మనం చూసే పొగ అదే. ఈ వాయువును బయటికి పంపకపోతే క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ల నుంచి, గాస్కెట్ల నుంచి ఆయిల్ కారుతుంది. దాన్ని పంపడానికే బ్రీతర్.

పాత కార్లలో బ్రీతర్ అంటే రోడ్డు వైపు దిగే ఒక గొట్టం. బండి వేగానికి దాని కొస దగ్గర గాలి ఒరుసుకుపోయి లోపలి వాయువును లాగుతుంది. బండి నిలబడి ఉంటే ఆ లాగుడు ఉండదు, పొగ అక్కడే తేలుతుంది. అమెరికాలో 1960ల తొలినాళ్లలో, మొదట కాలిఫోర్నియాలో, ఈ వాయువును తిరిగి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి పంపి కాల్చేసే పీసీవీ వాల్వ్ పద్ధతి వచ్చింది. తర్వాత ప్రపంచమంతా పాకింది. అందువల్ల రోడ్డు వైపు గొట్టం ఉన్న బండి, నిలబడి ఉన్నప్పుడు కాస్త పొగ వదిలితే అది రోగం కాదు. ఆధునిక కారుకు అలవాటుపడిన కంటికి కొత్తగా కనపడుతుంది, అంతే. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం కొలిచేది సైలెన్సర్ చివర వచ్చే వాయువునే. బ్రీతర్ పొగ ఆ లెక్కలోకి రాదు కాబట్టి సర్టిఫికెట్ వచ్చిందన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ముందు పొగను చదవాలి

జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అలాంటి పూట స్టార్ట్ చేసిన పది నిమిషాలు బ్రీతర్ నుంచి తెల్లటి ఆవిరి రావడం సహజం. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అందులో కొంత రింగుల మీదుగా కిందికి దిగి చల్లటి ఇనుము మీద చెమటలా పడుతుంది. వేడెక్కగానే ఆవిరై పోతుంది. వానాకాలమంతా షెడ్డులో నిలబెట్టిన బండిలో ఇది మరీ ఎక్కువ. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు కనిపించగానే హెడ్ గాస్కెట్ పోయిందని భయపడనక్కర్లేదు. బండిని బాగా వేడెక్కేదాకా నడిపాక అది మాయమైతే తేమే. రేడియేటర్‌లో నీరు తగ్గుతూ, డిప్‌స్టిక్ మీద కూడా అదే జిగురు ఉంటే మాత్రం నీరు ఆయిల్‌లో కలుస్తున్నట్టు.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూడా ఆగకుండా, నీలం ఛాయతో, కాలిన ఆయిల్ వాసనతో పొగ వస్తుంటే అప్పుడు అసలు పరీక్ష మొదలుపెట్టాలి. వాసన చూడటం మంచిదే కానీ అగ్గిపుల్లలు, లైటర్లు దగ్గరికి రానివ్వకూడదు. ఆ వాయువులో పెట్రోలు ఆవిరి ఉంటుంది. పరీక్షలన్నీ ఆరుబయట, ఫ్యాన్ బెల్టుకు దూరంగా చేయాలి.

ఖర్చు లేని మూడు తనిఖీలు

మొదటిది ఆయిల్ మట్టం. డిప్‌స్టిక్ మీద పై గీత దాటి ఆయిల్ ఉంటే క్రాంక్ షాఫ్ట్ దాన్ని నేరుగా చిలుకుతుంది. తుంపరలు విపరీతమై బ్రీతర్ నుంచి పొగ, ఆయిల్ రెండూ వస్తాయి. ఎవరూ పోయకుండానే మట్టం పెరిగిందా? డిప్‌స్టిక్ వాసన చూడాలి. పెట్రోలు వాసన వస్తే అనుమానం ఇంజన్ తోలే పెట్రోలు పంపు మీదికి వెళ్లాలి. దానిలోని డయాఫ్రం చిరిగితే పెట్రోలు సరాసరి ఆయిల్‌లోకి కారుతుంది. కార్బురేటర్ పొంగినా, చోక్ ఎక్కువసేపు లాగి ఉంచినా ఇదే జరుగుతుంది. పలచబడిన ఆయిల్ రింగుల దగ్గర పొరలా నిలవదు. పంపు బాగుచేసి, ఆయిల్, ఫిల్టర్ మార్చితే 'బోరు పోయిన' ఇంజన్ కోలుకున్న సందర్భాలు గ్యారేజీల్లో కొత్తేమీ కాదు. పెట్రోలు కలిసిన ఆయిల్‌తో బండి నడపడం బేరింగులకు చేటు, నిప్పు ప్రమాదం కూడా.

రెండోది బ్రీతర్ దారి. అంబాసిడర్ ఇంజన్‌లో మానిఫోల్డ్ కింద పక్క కవర్లు ఉంటాయి. బ్రీతర్ గొట్టం అక్కడి నుంచే బయలుదేరుతుంది. ఆయిల్‌ను ఆపడానికి లోపల జల్లెడలాంటి అమరిక ఉంటుంది. దశాబ్దాల మడ్డి అందులో గడ్డకడుతుంది. గొట్టం నలిగినా, కందిరీగ గూడు కట్టినా అంతే. అక్కడ దారి మూసుకుంటే వాయువు ఆయిల్ మూత నుంచి, డిప్‌స్టిక్ రంధ్రం నుంచి తన్నుకొస్తుంది. పీసీవీ వాల్వ్ ఉన్న బండిలో దాన్ని విప్పి ఊపితే లోపల గలగల వినపడాలి, లేదంటే అది ఇరుక్కుపోయినట్టు. గొట్టాలు, జల్లెడ కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టి మళ్లీ చూడాలి.

మూడోది ఎయిర్ ఫిల్టర్. ఇది పొగను వెంటనే తగ్గించదు గానీ కారణాన్ని చెబుతుంది. ఫిల్టర్ తర్వాతి గొట్టంలో వేలు పెట్టి తుడిస్తే దుమ్ము అంటుకుంటే, ఆ దుమ్ము బోరులోకీ వెళ్లినట్టే. బోరును, రింగులను ఇసుక కాగితంలా అరగదీసేది అదే.

ఒత్తిడి వేరు, ప్రవాహం వేరు

చాలా గ్యారేజీల్లో ఒకే పరీక్ష చేస్తారు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూతను తలకిందులుగా ఆ రంధ్రం మీద పెడతారు. మూత ఎగిరిపడితే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఇది తప్పు కాదు కానీ సగం సమాధానమే. మూత ఎగరడానికి లోపలి వాయువు ఎక్కువ కావడం ఒక కారణం, బయటికి దారి లేకపోవడం మరో కారణం. ఈ రెంటినీ విడదీయాలి.

దీనికి కావాల్సింది రెండు మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం, కొంచెం నీరు, స్కేలు. గొట్టాన్ని యు ఆకారంలో చెక్కకు కట్టి సగం నీరు పోయాలి. ఒక కొసను డిప్‌స్టిక్ రంధ్రానికి గాలి పోకుండా బిగించాలి, రెండో కొస తెరిచి ఉంచాలి. ఇంజన్ వేడెక్కాక రెండు వైపుల నీటి మట్టాల తేడా చూడాలి. రోడ్డు వైపు గొట్టం ఉన్న బండిలో ఐడిల్‌లో తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. పీసీవీ ఉంటే నీరు కాస్త ఇంజన్ వైపే లాగబడాలి. యాక్సిలరేటర్ పెంచినకొద్దీ నీరు బయటి వైపు అంగుళాల కొద్దీ ఎగబాకితే లోపల ఒత్తిడి ఉన్నట్టు.

ఇప్పుడు ఆయిల్ మూత తీసేయాలి. ఒత్తిడి టక్కున పడిపోయి, మూత దగ్గర వచ్చే వాయువు నీరసంగా ఉంటే తప్పు బ్రీతర్ దారిది. మూత తీసినా చేతికి బలంగా, ఇంజన్ తాళానికి తగ్గట్టు గుప్పు గుప్పుమని తగులుతుంటే ప్రవాహమే ఎక్కువ. అప్పుడు సిలిండర్ల దాకా వెళ్లాలి.

సిలిండర్ల దగ్గర

మొదట, ఏ సిలిండర్ అన్నది. డెల్కో ఉన్న పాత పెట్రోలు ఇంజన్‌లో ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు వైరు తీసి ఇంజన్ బాడీకి ఎర్త్ చేసి, మళ్లీ స్టార్ట్ చేసి పొగ చూడాలి. ఇలా ఒక్కో సిలిండర్‌తో చేయాలి. ఏ వైరు తీసినప్పుడు బ్రీతర్ పొగ స్పష్టంగా తగ్గుతుందో లోపం ఆ సిలిండర్‌ది. అన్నింటికీ ఒకేలా ఉంటే అరుగుదల సమానంగా ఉన్నట్టు, లేదా కారణం సిలిండర్లలో లేనట్టు.

తర్వాత కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడిగా ఉండాలి. ప్లగ్గులన్నీ తీయాలి, కాయిల్ వైరు విప్పాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది మరిచినా అంకె తప్పుతుంది. ఒక్కో సిలిండర్‌కు గేజి బిగించి అయిదారు స్ట్రోకుల దాకా సెల్ఫ్ కొట్టాలి. కంప్రెషన్ నిష్పత్తి 7.2 ఉన్న పాత ఇంజన్లలో 120 పీఎస్ఐ చుట్టుపక్కల రావడం మామూలు. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అది 10 నుంచి 15 శాతం లోపు ఉండాలి.

ఎత్తును కూడా లెక్కలో వేసుకోవాలి. జంషెడ్‌పూర్ సముద్రమట్టానికి 150 మీటర్ల లోపే ఉంది. రాంచీ సుమారు 650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన కాబట్టి అదే ఇంజన్ గేజి మీద ఆరు శాతం దాకా తక్కువ చూపిస్తుంది. రాంచీలో తీసిన అంకెను మాన్యువల్‌తో పోల్చి ఇంజన్ అరిగిందనడం పొరపాటు.

అంకె తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం నుంచి చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే ఆయిల్ తాత్కాలికంగా రింగుల సందును పూడ్చినట్టు. తప్పు రింగులది లేదా బోరుది. పెరగకపోతే వాల్వులను అనుమానించాలి. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ కాలి ఉండొచ్చు.

వీలైతే లీక్‌డౌన్ పరీక్ష ఇంకా నమ్మకమైనది. పిస్టన్‌ను కంప్రెషన్ స్ట్రోకు పైకొసన నిలిపి ప్లగ్గు రంధ్రం నుంచి కంప్రెసర్ గాలి ఎక్కించి, ఎంత శాతం కారిపోతోందో గేజిలో చూస్తారు. గాలి ఒత్తిడికి క్రాంక్ తిరగబడకుండా గట్టిగా పట్టాలి, తిరిగితే చేతులకు ప్రమాదం. 10 శాతం లోపైతే చాలా బాగున్నట్టు. 20 దాకా పాత ఇంజన్‌కు ఫర్వాలేదు. 30 దాటితే పని ఉన్నట్టే. అంతకన్నా విలువైనది గాలి చప్పుడు ఎక్కడ వినిపిస్తుందన్నది:

- ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, బోరు లేదా పగిలిన పిస్టన్
- కార్బురేటర్‌లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు
- సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు
- రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గాస్కెట్ లేదా హెడ్‌లో పగులు

ఇక్కడొక మినహాయింపు ఉంది. లీక్‌డౌన్ బాగానే వచ్చి, బ్రీతర్ పొగ మాత్రం తగ్గకపోతే ఎగ్జాస్ట్ వాల్వు గైడ్లను చూడాలి. గైడు అరిగితే ఎగ్జాస్ట్ వాయువు వాల్వు కాడ పక్కనుంచి టాపెట్ కవర్‌లోకి ఎగదన్నుతుంది. పరీక్ష సమయంలో వాల్వు మూసే ఉంటుంది కాబట్టి లీక్‌డౌన్‌లో ఇది దొరకదు. గైడు మార్చడానికి హెడ్ విప్పితే చాలు, బోరు ముట్టుకోనక్కర్లేదు.

నిలబడిపోయిన బండి కథ వేరు

రోజూ తిరిగే బండిలో రింగులు అరుగుతాయి. నిలబడిపోయిన బండిలో అవి అతుక్కుపోతాయి. పాత ఆయిల్ మడ్డి, కార్బన్ గాడిలో గట్టిపడి రింగును కదలనివ్వవు. విచ్చుకుని బోరును తాకాల్సిన రింగు లోపలికే ముడుచుకుని ఉంటుంది. పరీక్షల్లో ఇది అచ్చం అరిగిన ఇంజన్ లాగే కనపడుతుంది. ఇంజన్ ఆగకముందు బాగుండి, ఏళ్ల తర్వాత తీయగానే ఒకటి రెండు సిలిండర్లు మాత్రమే పడిపోయి ఉంటే ఈ అనుమానం బలపడాలి.

అలాంటప్పుడు ప్లగ్గు రంధ్రాల నుంచి తుప్పు వదిలించే పలచని ఆయిల్ కొద్దికొద్దిగా పోసి రెండు మూడు రోజులు నాననివ్వాలి. మధ్యమధ్య ఇంజన్‌ను చేత్తో అటూ ఇటూ కొంచెం తిప్పాలి. తర్వాత ప్లగ్గులు తీసే ఉంచి సెల్ఫ్ కొట్టి మిగిలిన ద్రవాన్ని బయటికి కక్కించాలి. ఆ పని మరిచి ప్లగ్గులు బిగిస్తే ద్రవం నలగక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆపైన ఆయిల్, ఫిల్టర్ మార్చి బండిని రోడ్డెక్కించాలి. కొన్ని వందల కిలోమీటర్లు ఓ మోస్తరు బరువు మీద నడిపి మళ్లీ అవే పరీక్షలు చేసి పాత అంకెలతో పోల్చాలి. చాలా ఇంజన్లు ఈ దశలోనే తేరుకుంటాయి.

వారానికోసారి షెడ్డులోనే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం బండికి మేలనుకుంటారు. నిజానికి దానివల్ల ఆయిల్ వేడెక్కదు, తేమ, పెట్రోలు అందులోనే మిగులుతాయి. ఐడిల్ మీదే ఎక్కువ గంటలు గడిపిన బోరు గోడ అద్దంలా నున్నబడి ఆయిల్‌ను నిలుపుకోదు. పదిహేను రోజులకోసారి డిమ్నా సరస్సు దాకా వెళ్లి రావడం అంతకన్నా మంచి వైద్యం. రానూపోనూ పాతిక కిలోమీటర్ల చొప్పున ఆయిల్ పూర్తిగా కాగుతుంది.

ఎప్పుడు విప్పాలి?

శుభ్రమైన బ్రీతర్, సరైన ఆయిల్, కొంత నడక తర్వాత కూడా లీక్‌డౌన్ 30 శాతం దాటి, చప్పుడు ఆయిల్ మూత దగ్గరే వినిపిస్తుంటే విప్పక తప్పదు. ఒక్క సిలిండర్ అకస్మాత్తుగా పడిపోయి, పొగ ఒక్కసారిగా ఎగదన్నితే పిస్టన్ పగిలి ఉండొచ్చు. అప్పుడు మిగతా పరీక్షల కోసం ఇంజన్ నడపకుండా ఆపేయాలి.

విప్పినా వెంటనే బోరు పనికి పంపకూడదు. బోరును పైన, మధ్యన, కింద, రెండు దిశల్లో కొలవాలి. అరుగుదల 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్లు దాటితే సాధారణంగా రీబోర్ చేస్తారు. అంతకన్నా తక్కువైతే బోరును హోనింగ్ చేసి, గాడులు బాగుంటే కొత్త రింగులు వేస్తే సరిపోవచ్చు. కొత్త రింగును బోరులో పెట్టి సందును ఫీలర్ గేజితో కొలవకుండా పిస్టన్‌కు ఎక్కించకూడదు.

పొదుపు ఎందుకంటే రీబోర్ మెట్లు లెక్కపెట్టినన్నే. 10, 20, 30, 40 అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో పెంచుకుంటూ పోతారు. ఆఖరి మెట్టు దాటాక లైనర్ వేయాలి. ఇప్పటికే 40 మీదున్న బ్లాకును అనవసరంగా కోయిస్తే మిగిలే దారి అదొక్కటే. 2014లో ఉత్తర్‌పారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ ఆగింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. సరైన కొలత పిస్టన్ల కోసం ఇక్కడివాళ్లు రైల్లో 250 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాకు వెళ్లి మల్లిక్ బజార్‌లో వెతుక్కోవాల్సిందే. టెల్కో 1945 నుంచి ఉన్న ఊళ్లో, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో లేతు పనికి, బోరు పనికి కొదవ లేదు. దొరకనిది పాత బ్లాకే.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, పెద్ద మార్పులు జరగని బండ్లకే ఆ గుర్తింపునిస్తున్నాయి. బండితో వచ్చిన ఇంజన్‌ను కాపాడుకోవడానికి ఇదొక కారణం.

కాబట్టి బ్రీతర్ నుంచి పొగ కనపడిన రోజే ఒక నోటు పుస్తకం తెరవడం మంచిది. తేదీ, ఆయిల్ మట్టం, నీటి గొట్టంలో తేడా, నాలుగు సిలిండర్ల కంప్రెషన్, చెంచాడు ఆయిల్ పోశాక వచ్చిన అంకెలు అందులో రాయాలి. మెకానిక్ 'బోరు పోయింది' అన్నప్పుడు ఆ పేజీ చూపించి 'ఏ సిలిండర్?' అని అడగొచ్చు. అనుభవమున్న మెకానిక్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు, గేజి అందుకుంటాడు.